కడుపు పాఠాలు – 4: నెగెటివ్ రిపోర్టు చూసి అప్పుడే నిశ్చింతగా ఉండకండి

పోయిన పాఠంలో హెచ్ పైలోరీ, అంటే కడుపులో పుండు (అల్సర్) పుట్టించే క్రిమి, ఉందో లేదో పరీక్ష చేయించుకోమన్నాను. చాలామంది చేయించుకుని, నెగెటివ్ వచ్చిందండీ అని సంతోషంగా రాశారు. అందరినీ ఒకటే అడిగాను: ఆ వారంలో గ్యాస్ టాబ్లెట్, అంటే కడుపులో యాసిడ్ తగ్గించే బిళ్ళ, వేసుకున్నారా? ఎక్కువమంది రోజూ పరగడుపునే వేసుకుంటున్నామన్నారు. ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాదే. కాబట్టి ఇవాళ క్రిమిని చంపే మందుల కోర్సులోకి వెళ్ళడం లేదు, ఇది తేలాకే అది.

అల్సర్ అంటే ఏంటో మళ్ళీ చెప్పను. ఈ క్రిమిని ఎలా పట్టుకుంటారంటే, ఎండోస్కోపీలో (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షలో) కడుపు గోడ నుంచి బియ్యపు నూకంత ముక్క తీసి, యూరియా కలిపిన పసుపుపచ్చటి జెల్‌లో గుచ్చుతారు. క్రిమి ఉంటే ఆ యూరియాని అమోనియాగా మారుస్తుంది, జెల్ గులాబీ రంగుకి తిరుగుతుంది. పారాణికి పసుపులో సున్నం కలపగానే ఎర్రబడుతుంది చూడండి, అలాగే. గ్యాస్ టాబ్లెట్ వాడుతుంటే క్రిమి పూర్తిగా చావదు, పలచబడి కడుపు పైభాగానికి జరుగుతుంది. జెల్ పసుపుగానే ఉండిపోతుంది, మనమేమో జబ్బు లేదనుకుని ఇంటికొచ్చేస్తాం. శ్వాస పరీక్షకీ, మల పరీక్షకీ ఇదే చిక్కు.

అందుకే పరీక్షకి 2 వారాల ముందు గ్యాస్ టాబ్లెట్ ఆపాలి, యాంటీబయాటిక్, బిస్మత్ అనే కడుపు మందు అయితే 4 వారాలు. గుండెకి ఆస్పిరిన్ వాడేవాళ్ళు, ఎప్పుడైనా కడుపులో రక్తస్రావం అయినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా గ్యాస్ టాబ్లెట్ ఆపొద్దు. ఈలోగా మంటొస్తే తెల్లటి యాంటాసిడ్ సిరప్ తాగొచ్చు, పరీక్షకి ముందురోజు అదీ మానేయండి.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. "ఆపేశానండీ" అంటారు, స్ట్రిప్ తెమ్మంటే మోకాళ్ళ నొప్పుల బిళ్ళ తెస్తారు. వెనక చిన్న అక్షరాల్లో ఎసిక్లోఫెనాక్ అనే నొప్పుల మందు, దాని పక్కనే రాబెప్రజోల్ అనే గ్యాస్ మందు! బ్రాండ్ పేరు చూడకండి, లోపలి మందు పేరు చూడండి. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్, రాబెప్రజోల్, చివర 'ప్రజోల్' అని ఉంటే చాలావరకు అది గ్యాస్ టాబ్లెట్టే (అరిపిప్రజోల్ మాత్రం కాదు, అది మానసిక జబ్బుల మందు, దాన్ని ఆపకండి). వాంతులు ఆపే డోంపెరిడోన్‌తో కలిపిన క్యాప్సూల్‌లోనూ ఉంటుంది. పైగా అసలు కడుపులో పుండుకి ఆ నొప్పుల మందే కారణం కావచ్చు.

రక్తపరీక్ష జోలికి మాత్రం పోకండి. క్రిమి పోయిన చాలాకాలం వరకూ పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. నాకైతే మల పరీక్షే ఇష్టం, పెద్ద మెషీన్‌తో పని లేదు.

కారం వల్లా టెన్షన్ వల్లా పుండు పడిందని ఆవకాయ మానేసినవాళ్ళకి ఒక మాట. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో వారెన్, మార్షల్ ఈ క్రిమిని పట్టుకున్నారు, 1984లో మార్షల్ దాన్ని తానే తాగి కడుపు లోపలి పొరకి వాపు తెచ్చుకున్నాడు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కారంతో మంట పెరగొచ్చు గానీ పుండుకి ముఖ్య కారణాలు ఈ క్రిమి, నొప్పుల మందులు.

మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం కక్కినా, బరువు తగ్గుతున్నా, మింగుడుపడకపోయినా ఈ పాఠాలు పక్కనపెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. చెమటలు పట్టి, ఛాతీ బరువెక్కి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే గ్యాస్ అనుకోకుండా 108కి ఫోన్ చేయండి.

అభ్యాసం: ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పూ, అత్తగారి డబ్బాలోవి, ఫ్రిజ్ మీదవి కూడా, బల్ల మీద పరిచి లోపలి మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. 'ప్రజోల్' ఉన్న గ్యాస్ మందులకి ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. తర్వాత 14 రోజులు ఏం తిన్నారో, ఏ బిళ్ళ వేసుకున్నారో, నొప్పి ఎన్నింటికి వచ్చిందో, తింటే తగ్గిందో పెరిగిందో టైముతో సహా క్యాలెండర్ మీదే రాయండి. అర్ధరాత్రి మెలకువొచ్చినా సరే, లేచి రాయండి. మందుల కోర్సు పాఠానికి ఆ క్యాలెండర్ దగ్గర పెట్టుకుని కూర్చోండి.