మడత బల్ల కొనాలా? కొంటే ఎలా వాడాలి?

మా పై వాటాలో ఉండే అబ్బాయి మొన్న ఆదివారం ఫోను పట్టుకుని కిందికి వచ్చాడు. "ఆంటీ, ఈ మడత వర్క్‌బెంచ్ కొననా? బ్యాటరీ డ్రిల్లులు వచ్చేశాయి, ఫర్నిచర్ అంతా రెడీమేడ్ దొరుకుతోంది. ఇంకా దీని అవసరం ఉందంటారా?" అని అడిగాడు. ఉంది బాబూ, కానీ బల్ల అనుకుని కొంటే నెల తిరక్కుండా అటకెక్కుతుంది అని చెప్పాను. అలా ఎందుకన్నానో, కొంటే దాంతో పని ఎలా చేయించుకోవాలో వివరంగా రాస్తున్నాను.

మా నాన్నగారు వడ్రంగి. ఆయనకు బల్లంటూ ఉండేది కాదు. నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుని, చెక్కను రెండు పాదాల మధ్య అదిమిపట్టి ఉలి ఆడించేవారు. చెక్క ఎటు జారబోతే అటు కాలివేళ్ళు ముందే బిగుసుకునేవి. చిన్నప్పుడు ఎదురుగా కూర్చుని ఆ పాదాలనే చూస్తూ ఉండేదాన్ని. నాకు ఉలి పట్టడం కొంత వచ్చింది కానీ పాదాలతో పట్టడం రాలేదు. ఇప్పుడు మోకాళ్ళు కూడా కింద కూర్చోనివ్వవు. మడత బల్ల చేసేది సరిగ్గా ఆ పాదాల పని. పైన కనిపించే రెండు పలకలూ రెండు దవడలు. హ్యాండిల్ తిప్పితే దగ్గరికొచ్చి, మధ్యలో పెట్టినదాన్ని పట్టుకుంటాయి. చేతిలో బ్యాటరీ డ్రిల్ ఉన్నా, పాత చేతిరంపం ఉన్నా చెక్కను ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా.

దీన్ని కనిపెట్టినాయన కష్టమూ అదే. రాన్ హిక్‌మన్ అని, దక్షిణాఫ్రికాలో పుట్టి ఇంగ్లండు వెళ్ళి, లోటస్ ఎలాన్ కారుకి డిజైన్ చేసిన మనిషి. 1961లో ఇంట్లో బీరువా చేసుకుంటూ, కుర్చీని ఆసరాగా పెట్టి చెక్క కోస్తుంటే రంపం కుర్చీలోకీ దిగిపోయింది. ఆ దెబ్బతో పుట్టిన ఆలోచనే ఈ బల్ల. కంపెనీలు మొదట వద్దన్నాయి. కొన్నాళ్ళు తనే తయారు చేసి అమ్ముకున్నాడు. 1972లో బ్లాక్ అండ్ డెక్కర్ అనే పనిముట్ల కంపెనీ చేతికి వెళ్ళాక 'వర్క్‌మేట్' పేరుతో ప్రపంచమంతా తిరిగింది. నేనూ ఒకప్పుడు వంటింటి ప్లాస్టిక్ స్టూలు మీద మోకాలు వేసి కోసినదాన్నే, అందుకే ఆ కుర్చీ కథ నాకు బాగా అర్థమవుతుంది.

మాది విజయవాడ సింగ్ నగర్‌లో కింది వాటా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు నా దగ్గర రెండు బల్లలు ఉండేవి. ఒకటి ఇనప కాళ్ళ మీద ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో అదిమి చేసేది) పలక వేయించిన పెద్ద బల్ల, రెండోది ఈ మడతది. మా వాడు బియ్యం బస్తా మేడ మీదికి చేర్చి, మళ్ళీ వచ్చి మడత బల్లని ఒంటిచేత్తో పట్టుకుపోయాడు. పెద్దది నలుగురు పట్టినా కదిలేది కాదు. నీళ్ళు తీశాక చూస్తే దాని పలక ఉబ్బి, పుస్తకం తడిసినట్టు పొరలు పొరలుగా విచ్చుకుంది. మళ్ళీ పెద్దది చేయించలేదు. దాదాపు అన్ని పనులూ మడతదాని మీదే జరుగుతున్నాయి.

కొనేటప్పుడు ఆన్‌లైన్ ఫోటో చూసి ఆర్డర్ పెట్టకండి. వన్ టౌన్‌లో ఏదో ఒక హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి, పెట్టెలోంచి తీసి నిలబెట్టమనండి. ఒక మూల మీద అరచెయ్యి ఆనించి పక్కకి గట్టిగా నెట్టండి. కాస్త ఊగితే ఫరవాలేదు, కాళ్ళు మెలితిరిగినట్టు అయితే వద్దు. తర్వాత ఒక పెన్సిల్ దవడల మధ్య ఈ చివర పెట్టి బిగించండి, తీసి ఆ చివర పెట్టి బిగించండి. రెండుచోట్లా జారకుండా పట్టుకోవాలి. రెండు హ్యాండిళ్ళూ దేనికదే తిరగాలి, అది ముఖ్యం. కింద అడ్డపట్టీ రేకుతో చేసిందా, ప్లాస్టిక్‌దా చూడండి. ఎన్ని కిలోలు మోస్తుందో పెట్టె మీద ఉంటుంది, కానీ మనకు కావలసింది బరువు మోయడం కన్నా ఊగకపోవడం.

ఇంటికి తెచ్చిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. చవక బల్లల దవడలు ఎక్కువగా ఎండీఎఫ్ లాంటి చెక్కతోనే చేస్తారు. మన గాలిలో తేమకి అంచులు ఉబ్బుతాయి. అంచులకీ, రంధ్రాల లోపలికీ వార్నిష్ రెండు పూతలు వేసి ఆరనివ్వండి. ఒక రోజు పని ఆగితే ఆగింది.

ఇక నిలబెట్టడం. మన ఇళ్ళల్లో అన్నీ టైల్సే, కాళ్ళు జారతాయి. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి నాలుగు కాళ్ళ కిందా పెట్టండి. వరండాకి నీళ్ళు పోయేందుకు వాటం పెడతారు కాబట్టి ఒక కాలు గాలిలో ఉంటుంది. దాని కింద పలచటి చెక్క ముక్క దోపండి. కాళ్ళ దగ్గర మెట్టు లాంటి పట్టీ ఉన్న రకమైతే కోసేటప్పుడు ఒక కాలు దాని మీద వేసి నిలబడండి. బల్ల తేలిక, మీ బరువే దానికి లంగరు.

పట్టించడంలోనే అసలు విషయమంతా ఉంది. కోత గీత దవడల అంచుకి రెండంగుళాల లోపు, బయటివైపు ఉండాలి. దూరం పెడితే చెక్క కొట్టుకుంటుంది, రెండు దవడల మధ్య పెడితే కోత మూసుకుపోయి రంపం ఇరుక్కుంటుంది. పైపు అయితే దవడల లోపలి అంచున గాడి ఉంటుంది, అందులో పెట్టండి. పీవీసీ పైపుని మాత్రం కదలకుండా నిలిచేదాకా బిగిస్తే చాలు. ఇంకా తిప్పితే అది కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది, జాయింటులోకి ఎక్కదు. కుర్చీ కాలు లాగా ఒకవైపు సన్నంగా ఉన్నదాన్ని పట్టాలంటే, లావు వైపు హ్యాండిల్ ముందు బిగించి, తర్వాత సన్నవైపుది తిప్పండి. దవడలు ఏటవాలుగా వచ్చి కూర్చుంటాయి. రెండు హ్యాండిళ్ళ గురించి పట్టుబట్టింది ఇందుకే. మెత్తటి చెక్క అయితే రెండువైపులా పాత చెప్పు అట్ట ముక్కలు అడ్డం పెట్టండి. కొండపల్లి బొమ్మ ఒకటి చెయ్యి విరిగితే అతికించడానికి పట్టించాను. అది పొణికి చెక్క, గోరు గుచ్చుకున్నా గుంట పడుతుంది. అట్ట పెట్టి, రెండు వేళ్ళతో హ్యాండిల్ తిప్పి వదిలేశాను. తెల్లారి తీస్తే మచ్చ కూడా పడలేదు.

వెడల్పాటి బల్ల కావలసిన రోజుకి ఒక ఉపాయం. మూడడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు ఉన్న 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క తీసుకుని, అడుగున నడిమధ్య పొడుగునా రెండంగుళాల మందం చెక్క పట్టీ ఒకటి స్క్రూలతో బిగించండి. పట్టీ పొడవు దవడలు పట్టేంత ఉంటే చాలు. ఆ పట్టీని దవడల మధ్యకి దించి బిగిస్తే నిమిషంలో బల్ల తయారు. ఇనప పని కోసం చిన్న బెంచ్ వైస్‌ని కూడా ఇలాగే వేరే పలక మీద బిగించి ఉంచుకున్నాను. పని అయ్యాక పలకలు మంచం కిందికి పోతాయి.

ఇప్పుడు తలుపు. వానాకాలం రాగానే పడకగది తలుపు ఉబ్బి ద్వారబంధానికి రాసుకోవడం మనందరికీ తెలిసిందే. తలుపు విప్పి ఈ బల్ల మీద పడుకోబెడితే బల్ల కూడా పడుకుంటుంది. అలా కాదు. నేల మీద గోనెపట్టా పరిచి, తలుపుని పొడవాటి అంచు మీద నిలబెట్టండి, చిత్రిక పట్టాల్సిన అంచు పైకి రావాలి. బల్లని తలుపు చివరికి తీసుకురండి. దవడలు వాటిని మోసే ఇనప పట్టీ దాటి బయటికి కొద్దిగా పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ చోట తలుపు చివర మూడు నాలుగు అంగుళాలు దూర్చి, బట్ట అడ్డం పెట్టి బిగించండి. తలుపు బరువు నేల మీదే ఉంటుంది, బల్ల దాన్ని పడిపోకుండా నిలబెడుతుందంతే. చిత్రిక ఎప్పుడూ బల్ల వైపుకే తోయండి, ఎదురు తోస్తే తలుపు దవడల్లోంచి ఊడి వస్తుంది. మా తలుపుకి ఎక్కడ రాసుకుంటోందో ముందే సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాను. నాలుగైదు సార్లు తోసేసరికి కాగితం లాంటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ పడింది. సుద్ద గీత పోగానే ఆపేశాను. ఎక్కువ తీస్తే వేసవిలో తలుపు ఆరి సందు పడుతుంది.

దీనితో కాని పనులూ ఉన్నాయి. పెద్ద ఉలి పెట్టి సుత్తితో బలంగా కొట్టి బెజ్జం తీయాలంటే బల్ల ఎగురుతుంది, దెబ్బలో సగం బలం అక్కడే పోతుంది. దానికి నేలే మేలు. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు దీని మీద కోయకండి, షాపులోనే కొలత ఇచ్చి కోయించుకోండి. రోజూ గంటల తరబడి చెక్కపని చేసేవాళ్ళకీ, కదలకుండా బల్ల ఉంచుకునే చోటు ఉన్నవాళ్ళకీ బరువైన బల్లే సుఖం. ఫ్యాను తుడవడానికి దీని మీదికి ఎక్కవద్దు. ఎక్కవచ్చని దాని పుస్తకంలో రాసి ఉంటే తప్ప నేను ఒప్పుకోను.

హ్యాండిల్ మరలకి నూనె పూస్తే రంపపు పొట్టు అంటుకుని మట్టిలా గట్టిపడుతుంది. కొవ్వొత్తి రుద్దండి, అది చాలు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నూనె, పొట్టు కలిసి హ్యాండిల్ నట్టు మరలు అరిగిపోతే ఆటోనగర్ లేత్ షాపులో కొత్త నట్టు చేయించాను. మూడేళ్ళుగా దానికి ఢోకా లేదు.

మడిచేటప్పుడు చేతులు పైపలకల బయటి అంచుల మీదే ఉండాలి. కాళ్ళు లోపలికి వచ్చే కీలు దగ్గర వేలు పెడితే నలుగుతుంది, పిల్లలు చుట్టూ మూగినప్పుడు మరీ జాగ్రత్త. మడిచాక నేల మీద వదిలేయకుండా తలుపు వెనక రెండు కొక్కేలకి తగిలించండి. నాది ఇప్పుడు నడుము కన్నా ఎత్తున ఉంటుంది. జూన్ వచ్చిందంటే మేడ మీదికి చేర్చేస్తాను, మళ్ళీ కార్తీకంలోనే కిందికి దించుతాను.