సైగలను పలికే చేతి తొడుగు: సమస్య – పరిష్కారం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బధిరుల సైగలను మాటలుగా పలికే చేతి తొడుగును ప్రాజెక్టుగా తయారుచేసిన విద్యార్థులు, దాన్ని వాడి చూస్తున్న బధిరులు లోపాన్ని ఈ వరుసలో వెతకవచ్చు. తొడుగులోని ఫ్లెక్స్ సెన్సర్లు వేళ్ల వంపును, యాక్సిలరోమీటర్, జైరోస్కోప్ చేతి కదలికను కొలుస్తాయి; మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ చిప్ ఆ విలువలను బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపితే ఫోను మాట పలుకుతుంది.

కాసేపటికి దానంతటదే ఆగిపోతోంది.
ముందు పవర్ బ్యాంకును అనుమానించాలి. తొడుగు తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి, ఛార్జింగ్ పూర్తయిందనుకుని చాలా పవర్ బ్యాంకులు ఆగిపోతాయి. రక్షణ సర్క్యూట్ ఉన్న చిన్న లిథియం బ్యాటరీని వాడితే సరిపోతుంది.

ఉదయం సరిగా పలికినది మధ్యాహ్నానికి తప్పులు పలుకుతోంది.
మన తీరప్రాంతపు ఉక్కపోతకు చెమట పట్టి, సోల్డర్ అతుకులు తడిసి, సెన్సర్ల విలువలు మారిపోతాయి. అతుకులపై వేడికి ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ ట్యూబు తొడిగి, లోపల పలుచని నూలు తొడుగు వేసుకుని, పిడికిలి బిగించి, వేళ్లు చాచి ఆ రెండు స్థితుల విలువలను మళ్లీ నమోదు (కాలిబ్రేట్) చేయాలి. ఒక్క వేలి విలువ మాత్రమే ఎగిరెగిరి పడుతుంటే ఆ సెన్సర్ మొదట్లో, పిన్నుల దగ్గర, పగులు ఉందేమో చూడాలి.

తయారుచేసినవారి చేతికి పనిచేస్తోంది, బధిరుల చేతికి పనిచేయడం లేదు.
అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే, దీనికి కారణం చాలాసార్లు తొడుగులో ఉండదు. ఒకే మనిషి చేతితో శిక్షణ ఇచ్చిన ప్రోగ్రాం మరో చేతి పొడవుకు, వేగానికి తడబడుతుంది; అందుకు వాడబోయేవారి సైగలనే నమూనాలుగా నమోదు చేయాలి. అయితే అంతకుముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: తొడుగుకు నేర్పినది ఏ సంజ్ఞా భాష? దొరికే ఉదాహరణలలో ఎక్కువ భాగం ఒంటిచేతితో చూపే అమెరికన్ అక్షరాలే. భారతీయ సంజ్ఞా భాషలో అక్షరాలకు ఎక్కువగా రెండు చేతులూ కావాలి. కొన్ని ఇంగ్లీషు అచ్చులను ఒక చేతి చూపుడువేలితో రెండో చేతి వేలికొసను తాకి చూపుతారు. ఈ తాకిడి వంపు సెన్సర్‌కు తెలియదు కనుక, రెండో తొడుగుతో పాటు వేలికొసల్లో విద్యుత్తు పారే దారంతో స్పర్శ స్విచ్చులు పెట్టాలి. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 10,000 పదాల నిఘంటువును వీడియోలుగా అందిస్తోంది. పల్లెల్లో ఇంటి సైగలతోనే పెరిగినవారికి అదీ పూర్తిగా సరిపోదు. వారి సైగలను వారినే అడిగి నమోదు చేయడం మేలు.

ప్రశ్న వేస్తే మామూలు వాక్యంగా పలుకుతోంది.
సంజ్ఞా భాషలో ప్రశ్నను, నిరాకరణను కనుబొమలు, తల కదలిక తెలుపుతాయి. వేళ్ల సెన్సర్లకు ముఖం కనబడదు. ప్రశ్నార్థకానికి వేరే బటన్ పెట్టడం తాత్కాలిక ఉపాయమే, అసలు దారి ముఖాన్ని చూసే కెమెరా.

తెలుగు వింతగా వినిపిస్తోంది.
మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కాక తెలుగు లిపిలో నిల్వ చేసి, ఫోనులో తెలుగు వాయిస్ డేటాను దించుకోవాలి. ఆర్టీసీ కాంప్లెక్స్ వంటి రద్దీ చోట్ల ఫోను గొంతు చాలదు కాబట్టి, అదే మాటను తెరపై పెద్ద అక్షరాల్లోనూ చూపించాలి.