షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉన్న ఫోర్ బై ఫోర్ పికప్: ఎక్కడ ఆగుతుంది, ఎట్లా కదులుతుంది

ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి బండ్లు కొన్నవాళ్ల కోసం ఇది. సస్పెన్షన్ ఎత్తు పెంచలేదు, మడ్ టైర్లు వేయలేదు, విన్చ్ (బండిని లాగే తీగ చుట్టే యంత్రం) లేదు అనుకుని రాస్తున్నాం. నల్లగొండ, పాలమూరు వైపు నేల ఒక్కతీరుగా ఉండదు. ఎర్ర చెల్క, మొరం గుట్ట, గద్వాల-ఆలంపూర్ దిక్కు నల్లరేగడి, మిర్యాలగూడ ఆయకట్టు బురద, దుందుభి వాగు ఇసుక అన్నీ ఉంటాయి. ఏ నేల మీదైనా బండిని ఆపేవి మాత్రం దాదాపు ఎప్పుడూ మూడే: రోడ్డు కోసం చేసిన టైరు, పొట్ట కింది ఎత్తు, ఓపెన్ డిఫరెన్షియల్ (యాక్సిల్ రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె). ఇంజిన్ బలం చాలక ఆగడం అరుదు. అందుకే బండి ఆగిన చోట ఇంకాస్త రేస్ ఇస్తే పని పాడవుతుందే తప్ప బాగుపడదు.

నాబ్ తిప్పినా ఫోర్ హై పడట్లేదు, లైటు కొట్టుకుంటోంది

టూ హై అంటే వెనక చక్రాలకే బలం, ఫోర్ హై అంటే నాలుగింటికీ, ‘ఫోర్ లో’ అంటే నాలుగింటికీ తక్కువ గేరులో. నాబ్ తిప్పినా పడకపోతే చాలాసార్లు ఇది చెడిపోవడం కాదు. ముందు యాక్సిల్‌కూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో పళ్లు ఎదురెదురుగా నిలబడి కలవలేదు, అంతే. స్టీరింగ్ తిన్నగా పెట్టి, యాక్సిలరేటర్ వదిలి, నాలుగైదు మీటర్లు ముందుకో వెనక్కో నడిపితే పడుతుంది. ఫోర్ లో సంగతి వేరు. బండి పూర్తిగా ఆగాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి, మాన్యువల్ అయితే క్లచ్ తొక్కి ఉంచాలి. కదులుతూ నాబ్ తిప్పితే వేయదు, వేయకపోవడమే మంచిది.

ఎంత నడిపినా లైటు కొట్టుకుంటూనే ఉంటే ముందు ఫ్యూజు, తర్వాత ముందు యాక్సిల్‌ను కలిపే యాక్చువేటర్ కనెక్టర్ చూడండి. కొన్ని బండ్లలో ఆ పని వాక్యూమ్ గొట్టం చేస్తుంది. పొలం కొట్టాల దగ్గర పెట్టిన బండ్లలో ఎలుకలు కొరికేది ఆ గొట్టాలనే. ఏళ్ల తరబడి టూ హైలోనే తిరిగే బండిలో యాక్చువేటర్ బిగుసుకుపోతుంది. నెలకోసారి మట్టి రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు ఫోర్ హైలో నడిపితే ఆ బాధ రాదు.

తారు రోడ్డెక్కాక మలుపులో బండి తన్నుకుంటోంది, టూ హైకి రావట్లేదు

ఈ బండ్లలో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే టైరు కొంచెం జారి ఆ తేడాను సర్దేస్తుంది. తారు మీద జారదు కాబట్టి బిగువంతా షాఫ్టుల్లో పేరుకుంటుంది. తిన్నగా మూడు నాలుగు మీటర్లు రివర్స్ తీసుకుంటే బిగువు వదులుతుంది, అప్పుడు టూ హైకి తిప్పండి. వానలో తారు తడిసింది కదా అని ఫోర్ హైలో ఊరంతా తిరిగేవాళ్లున్నారు. ట్రాన్స్‌ఫర్ కేస్ చెయిన్ సాగేది ఆ అలవాటుతోనే.

ఒర్రెలో దిగితే ఒక ముందు చక్రం, ఎదురు మూల వెనక చక్రం ఊరికే తిరుగుతున్నాయి

రాచకొండ గుట్టల దిక్కు, దేవరకొండ మొరం దారుల్లో ఎక్కువగా కనపడేది ఇదే. వాన నీళ్లు దారిని అడ్డంగా కోసిన చోట బండి వాలుగా దిగుతుంది, ఎదురెదురు మూలల చక్రాలు బరువు కోల్పోతాయి. ఓపెన్ డిఫరెన్షియల్ రెండు పక్కలా సమానంగానే బలం ఇస్తుంది. గాలిలో చక్రం తిరగడానికి కావలసిన బలం దాదాపు సున్నా, కాబట్టి నేల మీద చక్రానికీ అంతే అందుతుంది. పేరుకు నాలుగు చక్రాల బండి, లాగే చక్రం ఒక్కటీ ఉండదు.

ముందు చేయాల్సింది ఆగడం. ఫోర్ లో వేయండి. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండి అయితే మొదటి గేరులో యాక్సిలరేటర్‌ను ఒకే తీరుగా పట్టి రెండు మూడు సెకన్లు ఆగండి. తిరిగే చక్రానికి బ్రేకు పడుతూ కటకట చప్పుడొస్తుంది, అప్పుడే రెండో చక్రానికి బలం పోతుంది. చాలామంది ఆ చప్పుడుకు బెదిరి కాలు తీసేస్తారు, పని చేసే సమయానికే ఆపేసినట్టవుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ లేకపోతే హ్యాండ్ బ్రేకు రెండు మూడు పళ్లు లాగి ఉంచి మెల్లగా నడపండి, వెనక యాక్సిల్ వరకు అదే పని చేస్తుంది. వెనక రెండు చక్రాలనూ ఒక్కటిగా బిగించే డిఫ్ లాక్ ఉంటే (హైలక్స్‌లో ఉంది) చక్రాలు ఆగి ఉండగా, ఫోర్ లోలో వేయాలి. చక్రం గిర్రున తిరుగుతుండగా వేస్తే లోపలి పళ్లు దెబ్బతింటాయి. దాటాక తీసేయండి, లేదంటే మలుపు తిరగదు.

అవేవీ పనిచేయకపోతే గాలిలో ఉన్న చక్రం కింద రాళ్లు పేర్చడమే. జాకీ కింద అడుగున్నర చదరం మందపాటి చెక్క పెట్టకుంటే మొరంలో జాకీయే దిగబడుతుంది.

ఈ బండ్ల వెనక కమాన్ పట్టీలు ఎక్కువ బరువు మోయడానికి చేసినవి. వెనక ట్రక్కు (సామాను పెట్టే తొట్టి) ఖాళీగా ఉంటే అవి వంగవు, వెనక భాగం గెంతుతుంది, చక్రం తొందరగా లేస్తుంది. 45 కిలోల యూరియా బస్తాలంత ఇసుక మూటలు నాలుగు వెనక యాక్సిల్‌కు సరిగ్గా పైన పెట్టి తాడుతో కట్టండి. వెనక తలుపు దగ్గర పెడితే ముందు చక్రాలు తేలికవుతాయి. ఈ 180 కిలోలతో వచ్చే తేడా వేలు పోసి కొన్న షాక్ అబ్జార్బర్లతో కూడా రాదు.

రేగడిలో నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, బండి పక్కకు జారుతోంది

కంపెనీ టైరు గాడులు సన్నవి. తడి రేగడి మొదటి రెండు చుట్లకే వాటిని నింపేస్తుంది, ఆ తర్వాత మట్టి మీద మట్టి జారడమే, టైరు రోకలిలా నునుపైపోతుంది. మట్టి మడ్‌గార్డ్ లోపల కూడా గట్టిపడి చక్రాన్ని పట్టేస్తుంది. గాలి తగ్గించినా ఇక్కడ పెద్ద లాభం ఉండదు.

బండి ఇంకా కదులుతుంటే ఫోర్ హై, రెండో గేరు, ఒకే వేగం. స్టీరింగ్‌ను ఎడమ కుడి కొంచెం కొంచెం ఆడిస్తే టైరు పక్కంచులు కొత్త మట్టిని పట్టుకుంటాయి. ఆగిపోతే మడ్‌గార్డ్‌లోని మట్టిని గడ్డపారతో రాల్చి, వచ్చిన గాడిలోనే వెనక్కి రండి. కంది కట్టె మోపులు దొరికితే టైరు ముందు అడ్డంగా, నాలుగైదు అడుగుల మేర పరవండి. పత్తి చేనులోకి మాత్రం నడపకండి. కోసిన పత్తి మొదళ్లు మేకుల్లా నిలబడి టైరు పక్కగోడను చీలుస్తాయి.

పెద్ద వాన పడ్డాక రెండు మూడు రోజుల ఎండ కాసేదాకా రేగడి దారిలోకి పోకపోవడమే అసలు పరిష్కారం. చెల్క నేల అట్లా కాదు, వాన వెలిసిన కొన్ని గంటలకే బండిని మోస్తుంది.

దమ్ము చేసిన మడి ఈ బండికి పని చోటు కానే కాదు. అక్కడికి పోయే ట్రాక్టర్ గాడుల మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. ట్రాక్టర్ పెద్ద టైరు లోతుగా కోసిన గాడిలో పికప్ చక్రం దిగితే డిఫరెన్షియల్ హౌసింగ్ మధ్య దిబ్బ మీద కూర్చుంటుంది. పొట్ట కింద కంపెనీ చెప్పే 200-225 మి.మీ. ఎత్తంతా ఆ గాడిలోనే పోతుంది. ఒక చక్రం గట్టు మీద, ఇంకోటి మధ్య దిబ్బ మీద ఉండేటట్టు పోండి.

వాగు ఇసుకలో దిగబడింది

కారణం టైరులో గాలి. 33-35 పీఎస్‌ఐతో సన్నటి అంచులా కోసుకుంటూ దిగుతుంది. 18-20కి తగ్గిస్తే టైరు నేలను ఆనే పొడవు పెరిగి బరువు పరుచుకుంటుంది. ఇసుకలో దిగకముందే తగ్గించాలి, దిగబడ్డాక కాదు. ఫోర్ హై, రెండో గేరు, ట్రాక్షన్ కంట్రోల్ బటన్ ఆఫ్ (లేదంటే సరిగ్గా ఊపు కావలసినప్పుడే ఇంజిన్‌ను నొక్కేస్తుంది). ఆగాలంటే బ్రేకు వేయకండి. కాలు తీసి దానంతటదే ఆగనివ్వండి, టైరు ముందు ఇసుక కుప్ప పడదు.

దిగబడితే చక్రం ఒక్క చుట్టు ఊరికే తిరగగానే ఆపేయండి. నాలుగు చక్రాల వెనక ఇసుకను వాలుగా తోడి, పొట్ట కింద ఆనుతోందేమో చేయి పెట్టి చూసి, ఆనుతుంటే అదీ తోడి, వచ్చిన గాడిలోనే రివర్స్ తీసుకోండి. అప్పటికీ రాకపోతే 15 పీఎస్‌ఐ, అది బయటపడే దాకే. 18 అంగుళాల రిమ్ముకు ఉన్న కొంచెం పక్కగోడతో అంత తక్కువ గాలిలో మలుపు కొడితే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. 12 వోల్టుల కంప్రెసర్, గేజీ లేకుండా గాలి తీయొద్దు. నింపుకునే దాకా 30 కిలోమీటర్ల వేగం దాటొద్దు, తారెక్కకముందే నింపాలి.

నీళ్లు దాటాక ఇంజిన్ ఆగింది, లేదా గేర్ ఆయిల్ మజ్జిగ రంగులోకి వచ్చింది

రెండూ వేర్వేరు జబ్బులు. నీళ్ల మధ్యలో ఇంజిన్ ఠక్కున ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ఎయిర్ ఫిల్టర్ తెరవండి. తడిసి ఉంటే బ్యాటరీ తీగ విప్పి, బండిని లాగించుకుని పోయి, మెకానిక్‌తో ఇంజెక్టర్లు విప్పించి నీళ్లు తీయించాలి.

గేర్ ఆయిల్ సంగతి: వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, మూసుకుపోయిన బ్రీదర్ (యాక్సిల్ గాలి రంధ్రం) బదులు సీళ్ల దగ్గర నీటిని పీల్చుకుంటుంది. వాగుకు ముందు పది నిమిషాలు బండి ఆపి చల్లారనివ్వండి. దాటాక ఫిల్లర్ బోల్టు విప్పి వేలితో ఆయిల్ చూడండి. తెల్లగా ఉంటే మార్చాల్సిందే. బండి పుస్తకంలో చెప్పిన జీఎల్-5 గ్రేడే పోయండి.

లోతు విషయంలో హైలక్స్‌కు కంపెనీ చెప్పే హద్దు 700 మి.మీ., అదీ నిలకడ నీళ్లలో, నడక వేగంతో. లోలెవల్ కాజ్‌వే మీద మూసీ, డిండి పారుతుంటే లెక్క వేరే. పారే నీళ్లు రెండడుగులుంటే రెండు టన్నుల బండినైనా పక్కకు తోస్తాయి. అక్కడ ఫోర్ వీల్ ఉన్నా లేనట్టే.

చెరువు కట్ట దాటుతుంటే పొట్ట ఆనింది

ముందు వెనక చక్రాల మధ్య మూడు మీటర్ల పైచిలుకు దూరం ఉంది, అందుకే ఎత్తైన దిబ్బ మధ్యకు వచ్చేసరికి బండి తక్కెడలా ఊగుతుంది. వెనక ట్రక్కు తోక కూడా పొడుగు. ఒర్రె నుంచి పైకెక్కేటప్పుడు ముందు కాదు, వెనక బంపరే తగులుతుంది. ఆనినప్పుడు రేస్ ఇవ్వకుండా కింది మట్టి తోడండి, లేదా ఎత్తి చక్రాల కింద రాళ్లు పెట్టండి. కట్ట వాలు తక్కువైతే కొంచెం ఏటవాలుగా దాటొచ్చు. నిటారు కట్ట మీద ఏటవాలుగా పోతే బోల్తా పడుతుంది.

గుట్ట దిగుతుంటే బ్రేకు వేసినా జారుతోంది

వదులు మొరం గోళీల్లా దొర్లుతుంది, ఆగిన చక్రం దాని మీద నిలవదు. ఫోర్ లో, మొదటి గేరు, కాలు క్లచ్ మీద నుంచి పూర్తిగా తీసి ఇంజినే పట్టుకునేటట్టు దిగండి. వెనక భాగం పక్కకు తిరగబోతే బ్రేకు వదిలి ఒక చుక్క యాక్సిలరేటర్ ఇస్తే సర్దుకుంటుంది. ఎక్కుతూ మధ్యలో ఆగిపోతే బండిని తిప్పడానికి చూడొద్దు. రివర్స్ గేరు వేసి, అద్దంలో చూస్తూ, తిన్నగా కిందికి.

కాలిన వాసన

క్లచ్ వాసన అయితే ఫోర్ హైలో పాకించినందుకే. ఫోర్ లోలో గేరు దాదాపు రెండున్నర రెట్లు తగ్గుతుంది, క్లచ్ నలగదు. అరగంట ఆపండి.

గడ్డి కాలిన వాసన అయితే వెంటనే దిగి కింద చూడండి. బీఎస్‌6 డీజిల్ బండ్లలో మసి ఫిల్టర్ తనను తాను కాల్చుకునేటప్పుడు విపరీతంగా వేడెక్కుతుంది. ఎండాకాలం ఎండిన బోదలో, వరి కొయ్యకాళ్ల మీద ఆ సమయంలో బండి నిలిపితే మంట అంటుకుంటుంది. ఫిల్టర్ లైటు వెలిగితే హైవే మీద ఇరవై నిమిషాలు ఆగకుండా నడిపి అది కాలిపోనివ్వండి, ఆ తర్వాతే పొలం దారి పట్టండి.

టైరు పక్కగోడ కోసుకుపోయింది

కోసేవి గ్రానైట్ క్వారీ రాతి పెచ్చులు, సర్కారు తుమ్మ ముల్లు. ముల్లు నడి టైరులో దిగితే ప్లగ్గు వేసుకోవచ్చు, పక్కగోడ చీలితే స్టెప్నీయే గతి. రాళ్ల దారిలో గాలి 25 పీఎస్‌ఐ కంటే తగ్గించకండి.

లాగడానికి ట్రాక్టర్ వచ్చింది, ఎక్కడ కట్టాలి

ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన టో హుక్‌కే. ముందు కింద కనిపించే సన్న కొక్కేలు కొన్ని బండ్లలో ఓడ మీద కట్టడానికి ఇచ్చినవి, అవి ఊడి వస్తాయి. ట్రెయిలర్ తగిలించే బాల్ హిచ్‌కు అసలే కట్టొద్దు. అది తెగితే తుపాకి గుండే. ట్రాక్టర్ గొలుసు కంటే కనీసం 8 టన్నుల నైలాన్ బెల్టు, 4.75 టన్నుల షాకిల్ (బెల్టును హుక్‌కు తగిలించే ఇనుప కొండీ) మేలు. బెల్టు మధ్యలో తడి గోనె సంచి వేస్తే తెగినా అంతగా ఎగరదు. చూసేవాళ్లను బెల్టు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరం నిలబెట్టి, మీరూ ఫోర్ లో మొదటి గేరులో మెల్లగా సాయం ఇవ్వండి. ట్రాక్టర్ డ్రైవర్‌కు ముందే చెప్పండి, గుంజుడు వద్దని. బెల్టు మెల్లగా బిగిసిన తర్వాతే ఆయన క్లచ్ పూర్తిగా వదలాలి.