ఉపగ్రహ సిమ్యులేటర్‌లో అందరూ గెలుస్తున్నారు, ఎవరూ నేర్చుకోవడం లేదు

ప్రాజెక్టులోని భాగాలన్నీ కలిసి పనిచేసేలా చూసే సిస్టమ్స్ ఇంజనీర్ల శిక్షణకు సిమ్యులేటర్ తయారుచేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే ఇబ్బందులివి. ఉదాహరణకు చిన్న ఉపగ్రహం ప్రాజెక్టును తీసుకుంటున్నాను.

సమస్య: ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కగానే ఉష్ణోగ్రతలు ఎగిరెగిరి పడుతున్నాయి.

కారణం: వేగం 60 రెట్లు పెంచితే లెక్క వేసే స్టెప్ (ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య కాలం) కూడా 1 సెకను నుంచి 60 సెకన్లకు సాగిపోయింది. ఇప్పటి మార్పు వేగాన్నే స్టెప్ అంతటికీ వాడే మామూలు ఆయిలర్ పద్ధతిలో, ఒక భాగం టైమ్ కాన్‌స్టెంట్ (దాని ఉష్ణోగ్రత ఎంత త్వరగా మారుతుందో చెప్పే కాలం) 20 సెకన్లయితే, స్టెప్ 40 సెకన్లు దాటగానే లెక్క అదుపు తప్పుతుంది. స్టెప్ 60 సెకన్లయితే, చేరాల్సిన ఉష్ణోగ్రతకు ఉన్న 5 డిగ్రీల తేడా తర్వాతి స్టెప్‌లో అటు 10, ఆ తర్వాత ఇటు 20 అవుతుంది.

పరిష్కారం: స్టెప్‌ను 1 సెకను దగ్గరే ఉంచండి. వేగం కావాలంటే ఒక్కో ఫ్రేమ్‌లో (తెర ఒకసారి మారేలోపు) 60 స్టెప్పులు నడిపించండి.

సమస్య: అవే నిర్ణయాలు మళ్లీ నడిపిస్తే ఫలితం మారుతోంది.

ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యల వరుసను మొదలుపెట్టే సంఖ్య) దాచుకోకపోవడమే చాలాసార్లు కారణం. ప్రతి సెషన్ లాగ్‌లో సీడ్ రాయండి. ఇది లేకపోతే తర్వాత చర్చలో చూపించడానికేమీ ఉండదు.

సమస్య: అందరూ గెలుస్తున్నారు, పనిలోకి వెళ్లాక మాత్రం అవే తప్పులు చేస్తున్నారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఒక సెషన్‌లో ఒకబ్బాయి బ్యాటరీ స్లైడర్‌ను కుడివైపు చివరిదాకా లాగి, రన్ నొక్కి, పచ్చరంగు రాగానే లేచిపోయాడు. తప్పు అతనిది కాదు, మేం తయారుచేసినదానిది. బ్యాటరీ పెరిగితే బరువు పెరగాలి, బరువు పెరిగితే రాకెట్ పరిమితి తగలాలి. ఆ లింకే మేం పెట్టలేదు. పైగా ఫలితం అప్పటికప్పుడే చూపించాం. నిజమైన ప్రాజెక్టులో ఇవాళ తీసుకున్న నిర్ణయం ప్రభావమేంటో భాగాలన్నీ కలిపే ఇంటిగ్రేషన్ నాడు తెలుస్తుంది.

పరిష్కారం: ముందు ఆ లింకులు పెట్టండి. తర్వాత ఫలితాన్ని ఆలస్యం చేయండి. ఆ పైన, సమాచారాన్ని రెండు టీములకు విడగొట్టండి. 1999లో నాసా పోగొట్టుకున్న అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ దీనికి మంచి కథ. థ్రస్టర్ల (నౌకను నెట్టే చిన్న ఇంజన్ల) ఇంపల్స్‌ను, అంటే బలం ఎంతసేపు నెట్టిందన్న లెక్కను, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇస్తే, అందుకున్నవాళ్లు న్యూటన్-సెకన్లనుకున్నారు. తేడా 4.45 రెట్లు. నెలల ప్రయాణంలో ఆ పొరపాటు పేరుకుని, 226 కిలోమీటర్ల ఎత్తులో వెళ్లాల్సిన నౌక దాదాపు 57 కిలోమీటర్లకు దిగిపోయింది.

ఈ కథ ముందే చెప్పకండి. ఒక టీముకి ఒక యూనిట్, రెండో టీముకి ఇంకోటి ఇచ్చి, మధ్యలో వెళ్లే ఫైల్‌లో యూనిట్ పేరు లేకుండా వదిలేయండి. ఎవరి టెస్టు వాళ్లకు పాసవుతుంది. కలిపి నడిపినప్పుడే కక్ష్య తప్పుతుంది.

ప్రతి నిర్ణయం దగ్గర "ఎందుకు?" అని ఒక్క వాక్యం రాయించండి. చివరి గంటలో గెలుపోటములు పక్కన పెట్టి, ఆ వాక్యాలే తెరమీద వరుసగా చదివించండి. "యూనిట్ ఏంటని మీరు అడిగారా?" అన్న ప్రశ్న అప్పుడు వాళ్లలోంచే వస్తుంది.