ఖాట్మండులో తక్కువ డబ్బుతో తిరగాలంటే: పొదుపు ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయకూడదు

వీసా అక్కర్లేదు, హిందీతో పని నడిచిపోతుంది, మన రూపాయికి వాళ్లది రూపాయీ అరవై పైసలు వస్తుంది. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకి ఇంతకంటే సులువైన విదేశం లేదు. అయితే అది 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి, మే 12న మళ్లీ ఇంకోసారి గట్టిగా ఊగిపోయిన ఊరు. పెద్ద గుళ్లు చాలావరకు మళ్లీ లేచాయి కానీ సందుల్లోకి వెళితే గోడలకి కర్ర దన్నులు పెట్టిన ఇళ్లు, పాత ఇటుక మిద్దె పోయినచోట లేచిన సిమెంటు డబ్బాలు ఇప్పటికీ కనిపిస్తాయి. అలాంటి చోట ప్రతి రూపాయీ మిగిల్చాలని చూడటం తెలివి కాదు, ప్రయాణం మీద మిగిల్చి మిగతా చోట్ల కాస్త చెయ్యి వదలాలి.

వెళ్లడం సంగతి ముందు చూద్దాం. విమానం మాట మర్చిపోతే, విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్లే రప్తీసాగర్ రైలు ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో సునౌలీ చేరి, సరిహద్దు నడిచి దాటి, అవతల భైరహవాలో ఖాట్మండు బస్సు ఎక్కడమే చవకైన దారి. ఆధార్ కార్డుని నమ్ముకోవద్దు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. రాత్రి బస్సు ఎక్కితే ఒక రాత్రి గది అద్దె మిగులుతుందన్న లెక్క అందరికీ వస్తుంది, నన్నడిగితే వానాకాలంలో అది వద్దే వద్దు. 2024 జులైలో నారాయణ్‌ఘాట్–ముగ్లింగ్ దారిలో కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి, అదీ తెల్లవారుజామున చీకట్లో. పగటి బస్సే ఎక్కండి, వీలైతే వానలు తగ్గాక అక్టోబరు, నవంబరు చూసుకోండి.

డబ్బు విషయంలో ఒక చిన్న తిరకాసు ఉంది. షాపువాడు ‘రెండొందలు’ అంటే ముందు అడగాల్సింది ‘ఐసీనా, ఎన్సీనా’ అని, అంటే మన రూపాయలా, వాళ్లవా అని. అడక్కుండా మన నోటిచ్చి ఊరుకుంటే అరవై శాతం ఎక్కువ కట్టినట్టే. మన వంద నోట్లు ఎక్కడైనా తీసుకుంటారు, పెద్ద నోట్ల రూల్స్ మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు చూసుకోండి. 2024 నుంచి ఫోన్‌పే క్యూఆర్ ఉన్న షాపుల్లో మన యూపీఐ కూడా పనిచేస్తోంది (ఇది మన ఫోన్‌పే కాదు, వాళ్లది వేరే కంపెనీ). అయినా కొంత నగదు విడిగా దాచుకోండి. 2025 సెప్టెంబరు ఆందోళనల్లో ప్రభుత్వ సచివాలయం సింహదర్బారే తగలబడింది, ఎయిర్‌పోర్టు మూసేశారు, ఇరుక్కుపోయిన తెలుగువాళ్లని ప్రత్యేక విమానంలో తీసుకురావాల్సి వచ్చింది. అలాంటప్పుడు రెండు మూడు రోజులు గడిచే డబ్బు జేబులో ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

గది దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. అందరూ థమేల్‌లో దిగుతారు, దర్బార్ స్క్వేర్ (పాత రాజభవనం ముందున్న చౌరస్తా) పక్కన ఝోంఛేలో కాస్త తక్కువకి దొరుకుతాయి, పక్క ఊరు భక్తపూర్‌లో ఉంటే ఇంకా ప్రశాంతం. బేరం ఆడే ముందు బిల్డింగ్ చూడండి: మెట్లు ఎంత ఇరుకు, కిందికి రెండో దారి ఉందా, గోడకి మూలగా చీలిక ఉందా, మీద అంతస్తు తర్వాత ఎక్కించినట్టుందా. రెండొందలు ఎక్కువైనా కింది అంతస్తు, బయట ఖాళీ స్థలం ఉన్న సందు తీసుకోండి. నీళ్లు కూడా అడగండి, చాలా లాడ్జిలు ట్యాంకర్ మీదే బతుకుతాయి. సొరంగం గుండా ఊరికి తెచ్చే మేలంచి నది నీళ్లు 2021లో వచ్చాయనుకునేలోపే ఆ ఏడాది వరదకి నీళ్లు మళ్లించే కట్టడాలు దెబ్బతిన్నాయి.

తిండికి దాల్‌భాత్‌ని మించింది లేదు, అన్నం, పప్పు, కూర మళ్లీ మళ్లీ వడ్డిస్తారు, ఒక పూట తింటే సాయంత్రం దాకా ఆకలి ఉండదు. నేవారీ (ఖాట్మండు లోయ స్థానికుల) హోటల్లో ‘బరా’ అడగండి, మన మినపట్టులాగే ఉంటుంది, కాస్త మందం. మోమోలో ‘బఫ్’ అంటే గేదె మాంసం, తిననివాళ్లు ముందే చెప్పాలి. వడ్డించేవాళ్లని దాయి (అన్నా), దీదీ (అక్కా) అని పిలిస్తే సరిపోతుంది.

ఇక టికెట్లు. దర్బార్ స్క్వేర్లకి పక్క సందులోంచి దూరి ఎంట్రీ ఎగ్గొట్టే చిట్కాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి, అలా చేయకండి. మనతో సహా సార్క్ దేశాలవాళ్లకి రేటు ఎలాగూ చాలా తక్కువ, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. భక్తపూర్ మునిసిపాలిటీ షరతులు నచ్చక జర్మనీ సాయాన్నే వద్దనుకుని, స్థానికుల కమిటీలతో సొంత డబ్బు పెట్టి గుళ్లు లేపింది, ఆ డబ్బులో మన టికెట్ కూడా ఒక ముక్క. అక్కడ 1702లో కట్టిన అయిదంతస్తుల న్యాతపోల గుడి పెద్దగా చెక్కుచెదరలేదు, పక్కనే దర్బార్ స్క్వేర్‌లో వత్సల గుడి మాత్రం పూర్తిగా కూలిపోయి మళ్లీ లేచింది. రెండూ చూడండి.

ఖాట్మండులో ఒక్కటే చూసే టైముంటే కాష్ఠమండపం అనే పాత చెక్క మండపం చూడండి. 2015 భూకంపానికి కూలినప్పుడు లోపల రక్తదాన శిబిరం జరుగుతోంది. తర్వాత తవ్వి చూస్తే పునాది గట్టిగానే ఉంది, పాత మరమ్మతుల్లో ఒక మూల స్తంభాన్ని దాని రాతి దిమ్మెలో సరిగ్గా కూర్చోబెట్టలేదని తేలింది. ఇప్పుడున్నది ఊరివాళ్లు దుంగలు ఊరేగింపుగా తెచ్చి కట్టుకున్నది. లోపలికెళ్లి ఆ పెద్ద స్తంభాల అడుగు ఒకసారి వంగి చూడండి.

బాగా దెబ్బతిని, టూరిస్టులు తక్కువగా వెళ్లే బుంగమతి, ఖోకనా పల్లెలకి పక్క ఊరు పాటన్‌లోని లగన్‌ఖేల్ నుంచి లోకల్ బస్సులుంటాయి. బుంగమతిలో చెక్క చెక్కేవాళ్లు గుమ్మంలోనే పని చేసుకుంటుంటారు, కొనేదేదైనా ఉంటే థమేల్‌లో కాకుండా వాళ్ల దగ్గరే కొనండి, గీసి గీసి బేరం ఆడకండి. విరిగిన ఇంటి ముందు సెల్ఫీలు వద్దు. అనాథాశ్రమంలో నాలుగు రోజుల వాలంటీరు పని అని ఎవరైనా పిలిస్తే దూరంగా ఉండండి, విదేశీ విరాళాల కోసం తల్లిదండ్రులున్న పిల్లల్నే పల్లెల నుంచి తెచ్చిపెట్టే దందా అక్కడ పాతదే.

తిరుగు ప్రయాణంలో మిగిలిన నేపాలీ నోట్లు సరిహద్దులోనే మార్చేసుకోండి, గోరఖ్‌పూర్ దాటాక వాటితో టీ కూడా రాదు.