సీటీ చదవడం – 4వ పాఠం: స్ఫినాయిడ్ గోడ అవతల ఎవరున్నారు?

పోయిన పాఠంలో రెండు కళ్ల మధ్య ఉండే ఎథ్మాయిడ్ గాలి గదులన్నీ సీటీ స్కాన్ బొమ్మల్లో తిరిగాం. ఇప్పుడు వాటి వెనక, పుర్రె అడుగున నట్టనడుమ ఉన్న స్ఫినాయిడ్ సైనస్ అనే గాలి గదిలోకి వెళ్దాం. బోన్ విండో, అంటే ఎముక స్పష్టంగా కనిపించే సెట్టింగు, పెట్టుకోండి. లోపల గాలి నల్లగా కనిపించగానే “నార్మల్” అని రాసేస్తే అక్కడ ఆపరేషన్ చేసే సర్జన్‌కి ఒరిగేదేం లేదు. గోడకి మేకు కొట్టేవాడికి కావలసింది కరెంటు వైరు ఎటు పోతోందన్నది.

ముందు శాజిటల్ బొమ్మ, అంటే పక్కనుంచి చూసే నిలువు కోత. పిట్యూటరీ గ్రంథి కూర్చునే పల్లం సెల్లా. గాలి దాని ముందే ఆగితే ప్రీసెల్లార్, కిందకి పాకితే సెల్లార్, ఎముక గట్టిగానే ఉండిపోతే కాంకల్. పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించేది సెల్లారే. చిన్నపిల్లల్లో గాలి లేకపోతే కంగారొద్దు, పుట్టుకతో అక్కడ గాలి ఉండదు.

ఇక కరోనల్, అంటే ఎదురుగా నిలబడి చూసే నిలువు కోత. రెండు పక్కలా రెండేసి రంధ్రాలు వెతకండి. సైనస్ అడుగున, లోపలి వైపుది విడియన్ కెనాల్, విడియన్ నరం దారి. దానికి పైన, కాస్త బయటికి ఉన్నది ఫోరామెన్ రొటండమ్, పైదవడ వైపు పోయే మాక్సిలరీ నరం దారి. రెంటినీ కలుపుతూ మనసులో ఒక గీత గీయండి. గాలి ఆ గీత దాటి బయటికి పోతే లేటరల్ రిసెస్, అంటే పక్కకి సాగిన గాలి సంచి, ఉన్నట్టు. అలాంటిచోట విడియన్ కెనాల్ ఒక్కోసారి అడుగు మీద పైకి తేలుతుంది, ఎండాకాలం నాగావళిలో బయటపడే బండలా.

అసలు ప్రమాదం సైనస్‌ని కుడి ఎడమలుగా విడదీసే మధ్య గోడతో. అది నడిమినే ఉండాలని ఎక్కడా రాసిలేదు. ముందు బుద్ధిగా మధ్యలో మొదలై, వెనక్కి వెళ్లేకొద్దీ పక్కకి తిరిగి మెదడుకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని మీది ఎముకకి అతుక్కోవచ్చు. ఆ ఎముక చాలాసార్లు పలాస జీడిపప్పు మీది పొట్టులా పలచన. కొందరిలో అదీ ఉండదు. అలాంటి గోడని ఆపరేషన్‌లో మెలితిప్పి లాగితే ధమని చిరగొచ్చు. అందుకే యాక్సియల్ బొమ్మల్లో, అంటే అడ్డకోతల్లో, దాని వెనక కొస ఎక్కడ దిగిందో, ఏ పక్కో తప్పకుండా రాయండి. మిగతావి మరిచినా ఊరుకుంటాను గానీ ఇది మాత్రం కాదు.

శ్రీకాకుళంలో కొత్తగా చేరినప్పుడు, ఒక కరోనల్ బొమ్మలో సైనస్‌కి అడ్డంగా గీత చూసి, పైగదీ కిందగదీ స్ఫినాయిడే అని రాశాను. మా మేడమ్ ఫిల్మ్‌ని లైటు ముందు పెట్టి, “ఏటి బాబూ, పైది ఎవరిల్లు?” అన్నారు. అది ఓనోడి సెల్. వెనకటి ఎథ్మాయిడ్ గది స్ఫినాయిడ్ నెత్తికెక్కింది. చూపు నరమైన ఆప్టిక్ నరం దాని గోడని ఆనుకునే పోతుంది. అడ్డగీత కనిపిస్తే పైగదిని ఒక్కో బొమ్మా ముందుకి జరుపుతూ వెంబడించండి. ఎథ్మాయిడ్‌లో కలిసిందా, ఓనోడియే.

సెల్లాకి ముందు, పక్కగా పొడుచుకొచ్చే ఎముక కొమ్ము, యాంటీరియర్ క్లినాయిడ్‌లో గాలి ఉంటే అదీ రాయండి. అక్కడ ఆప్టిక్ నరం సైనస్‌లోకి పొడుచుకొచ్చే అవకాశం ఎక్కువ.

ఈ వారం పని: పాత సీటీలు 5 తీసి, గీత దాటిన గాలి, గోడ కొస, ఓనోడి, క్లినాయిడ్ – కుడి ఎడమలు విడివిడిగా రాయండి. తెర మీద మీ ఎడమ పక్కది రోగి కుడి. వచ్చే పాఠం పుర్రె అడుగున ఉండే మరో రంధ్రం, ఫోరామెన్ ఒవేల్.