మోడిఫైడ్ కెమెరాకు లైట్ పొల్యూషన్ ఫిల్టర్: కొనేముందు, బిగించేముందు

కార్తీకం వెళ్లి మబ్బులు విడిపోయాక ఫిబ్రవరి దాకా ఓరియన్, రోజెట్ నీహారికలను ఫోటో తీయడానికి మంచి కాలం. ఫిల్టర్లు కొనేదీ ఈ రోజుల్లోనే. ఏ కంపెనీది అన్నది తర్వాత. ముందు కెమెరా మోడిఫై చేసినవాళ్లను, అంటే సెన్సర్ ముందు కంపెనీ పెట్టిన ఫిల్టర్ తీసినవాళ్లను, ఒకటి అడగండి: సెన్సర్ ముందు ఏం మిగిల్చారు?

పాత ఫిల్టర్ తీసి, 656.3 నానోమీటర్ల హైడ్రోజన్ ఆల్ఫాను (నీహారికల ఎరుపు కాంతిని) వదులుతూ ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే గాజు పెట్టి ఉంటే బెంగ లేదు. మామూలు గాజు పెట్టినా, ఏమీ పెట్టకపోయినా అది ఫుల్ స్పెక్ట్రమ్ కెమెరా. ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే పని ఇక బయటి ఫిల్టర్‌దే. లెన్స్ ఆ కాంతిని వేరే చోట ఫోకస్ చేస్తుంది కాబట్టి, ఆపకపోతే ఎంత సరిచేసినా చుక్కలు ఉబ్బే ఉంటాయి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: వీధి దీపాల కాంతిని కోసే మామూలు సీఎల్ఎస్ ఫిల్టర్ 700 నానోమీటర్లు దాటాక మళ్లీ తెరుచుకుని ఇన్‌ఫ్రారెడ్‌ను వదులుతుంది. దాన్ని కూడా ఆపే రకాన్ని సీఎల్ఎస్-సీసీడీ పేరుతో అమ్ముతారు. ప్యాకెట్ మీది గ్రాఫ్ 700 దగ్గరే ఆగిపోతే నమ్మొద్దు, 1000 దాకా చూపించమనండి. ఇంట్లో చిన్న పరీక్ష: ఫిల్టర్ పెట్టి, లైవ్ వ్యూలో టీవీ రిమోట్ నొక్కి చూడండి. రిమోట్ బల్బు గట్టిగా వెలిగితే లీకు ఉన్నట్టే. వెలగకపోయినా గ్రాఫ్ చూడాల్సిందే, రిమోట్ పరీక్షించేది 940 చుట్టుపక్కల మాత్రమే.

తర్వాత మీ వీధి దీపాలు చూడండి. పసుపు సోడియం కాంతి 589 చుట్టూ పోగై ఉంటుంది కాబట్టి సీఎల్ఎస్ దాన్ని బాగానే కోసేస్తుంది. తెల్ల ఎల్ఈడీ అలా కాదు. 450 దగ్గర ఒక శిఖరం, అక్కడి నుంచి ఎరుపు దాకా పరుచుకున్న వెలుగు. అందులో కోయడానికి విడిగా గీత లేదు. ఎల్ఈడీలు నిండిన ఊళ్లో నీహారికలకు పనికొచ్చేది డ్యూయల్ బ్యాండ్ ఫిల్టరే: హైడ్రోజన్ ఆల్ఫా దగ్గర ఒక కిటికీ, 500.7 ఆక్సిజన్ దగ్గర ఇంకొకటి, ఒక్కోటి 7 నానోమీటర్ల వెడల్పు ఉంటే చాలు. పిల్లలకోడి (కృత్తికల గుంపు) చుట్టూ ఉన్న నీలి మసకకు, ఆండ్రోమెడా గెలాక్సీకి మాత్రం ఇది వద్దు. వాటి కాంతి అన్ని రంగుల్లోనూ ఉంటుంది, ఫిల్టర్ దాన్నే తినేస్తుంది. ఆ డబ్బు పెట్రోలుకు పెట్టి చీకటి ఊరికి వెళ్లడం మేలు.

సన్నని బ్యాండ్ ఫిల్టర్ మీద కాంతి ఏటవాలుగా పడితే కిటికీ నీలం వైపు జరుగుతుంది. కాబట్టి ఎఫ్/2 లెన్స్‌ను ఎఫ్/4కు తగ్గించండి. వైడ్ లెన్స్ ముందు అస్సలు బిగించొద్దు, మూలల్లో నీహారిక మాయమవుతుంది.

కెమెరా లోపల సెన్సర్ ముందు బిగించే కెనాన్ క్లిప్ ఫిల్టర్ ఉన్నప్పుడు ఈఎఫ్-ఎస్ లెన్స్ పెట్టకండి. దాని వెనక భాగం లోపలికి పొడుచుకొచ్చి ఫిల్టర్‌కు తగులుతుంది. టెలిస్కోప్‌కైతే 2 అంగుళాలదే కొనండి. ఏపీఎస్-సీ సెన్సర్ మూల నుంచి మూలకు సుమారు 27 మిల్లీమీటర్లు, 1.25 అంగుళాల ఫిల్టర్‌తో మూలలు నల్లబడతాయి.

లెన్స్ వెనక 2 మిల్లీమీటర్ల గాజు చేరితే ఫోకస్ 0.7 మిల్లీమీటర్ వెనక్కి పోతుంది. అందుకని పాత గుర్తు మీద ఆధారపడకుండా, ఫిల్టర్ పెట్టాకే ప్రకాశమైన చుక్క మీద ఫోకస్ చేయండి. ఫ్లాట్లు (మూలల నలుపు, దుమ్ము మచ్చలు సరిచేయడానికి సమంగా వెలిగే తెల్లటి తెర మీద తీసే ఫోటోలు) కూడా అదే ఫిల్టర్‌తో, తిప్పకుండా తీయండి. డ్యూయల్ బ్యాండ్‌తో 60 సెకన్ల ఫ్రేముల్లో హిస్టోగ్రామ్ (వెలుగు గ్రాఫ్) ఎడమ గోడకు అంటుకుపోతుంది, అంటే ఫోటో మరీ చీకటిగా వస్తుంది. 3 నుంచి 5 నిమిషాలు కావాలి, అంటే గైడింగ్ (ఒక చుక్కను చూస్తూ టెలిస్కోప్ కదలికను సరిచేసే ఏర్పాటు) ఉండాలి. ఓరియన్ నడుము పట్టీలోని ఆల్నిటాక్ లాంటి ప్రకాశమైన చుక్క చుట్టూ వలయం వస్తే ఫిల్టర్‌ను తిరగేసి చూడండి, కొన్నిసార్లు తగ్గుతుంది. రెండు ఫిల్టర్లు కలిపి పెడితే వలయాలు పెరుగుతాయే గాని మేలేమీ లేదు.

తెల్లవారుజామున మంచు పట్టిందని నోటితో ఊది తుడవకండి, హీటర్ పట్టీ చుట్టండి. కోస్తా తేమలో సిలికా జెల్ ఉన్న డబ్బాలో దాచకపోతే బూజు పడుతుంది.

వీటిలో ఏదీ సూర్యుడికి పనికిరాదు. పగలు టెలిస్కోప్‌ను అటు తిప్పితే సెన్సర్ కాలుతుంది, కన్ను పెడితే చూపే పోతుంది.